నాంపల్లికి మూడు బూడిద అద్దాలు

కిందటి నెలలో హైదరాబాదు వెళ్లి నాలుగు రోజులుండి వచ్చాను. ఆ ఊరు చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగారు. రాస్తాను. అయితే చదివేవారికి ముందుగా ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట ఇదే పత్రికలో నా ఫొటోగ్రఫీ అనుభవాలు రాస్తూ, హైదరాబాదులో ఒక ముసలాయన కడసారి ఫొటో పాడైపోయిన వైనం చెప్పాను. డార్క్‌రూములో పనిచేసే యాకోబు అనే మనిషి ఫొటో పడిన గాజు ప్లేటును పాతబడిన మందులో కడిగి చెడగొట్టాడని రాశాను. పేరు పెట్టి మరీ రాశాను. అది అబద్ధం. ఆ ప్లేటు చెడగొట్టింది నేను. ఆ మాట యాకోబు ఎదుట నిలబడి చెప్పాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను.

ఇంట్లో మాత్రం అద్దం కొనడానికి వెళుతున్నానని చెప్పాను. యుద్ధం రోజుల్లో మాయమైన కెమెరా సామాను ఆబిడ్స్ దుకాణాల్లోకి మళ్లీ వస్తోందని అందరూ అంటున్నారు. నాకు కావలసింది లెన్సు ముందు బిగించే బూడిదరంగు అద్దం. న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు అని దాని అసలు పేరు. మేము బూడిద అద్దం అనేవాళ్లం. అది రంగులను మార్చదు, వెలుగును మాత్రం తగ్గిస్తుంది. వెలుగు తగ్గుతుంది కాబట్టి లెన్సును ఎక్కువసేపు తెరిచి ఉంచవచ్చు. నాలుగు రెట్ల అద్దమంటే నాలుగింతల సేపు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే కదిలేదేదీ ప్లేటు మీద నిలవదు. పారే నీరు పాలలా వస్తుంది. జనం కిటకిటలాడే బజారు ఖాళీగా వస్తుంది. కదలకుండా ఉన్నది ఒక్కటే మిగులుతుంది.

పెట్టెలో బట్టల మధ్య పాత బూడిద అద్దాలు మూడు పెట్టుకున్నాను. పదకొండేళ్లుగా అవి నా దగ్గరే ఉన్నాయి. ఎన్నడూ వాడలేదు.

సరిహద్దు

బెజవాడ నుంచి వెళ్లేవాళ్లకు నైజాం సరిహద్దు దాటగానే కరోడ్‌గిరీ వాళ్లు, అంటే సుంకం అధికారులు, బండెక్కుతారు. నా ఎదుట కూర్చున్న ఒకావిడ కూతురికి ఆవకాయ జాడీ తీసుకుపోతోంది. దాని మూతకు కట్టిన గుడ్డ విప్పమన్నారు. విప్పేసరికి రైలుపెట్టె అంతా ఘాటు. వచ్చిన జవాను తుమ్ముతూ నా పెట్టె వైపు తిరిగాడు. అద్దాలు బయటికి తీశాడు.

"ఏంది గివి? కండ్లజోడా? మూడు కండ్లోడు ఎవడున్నడు మీ ఇంట్ల?"

ఫొటోలకు వాడేవని చెప్పాను. మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీలోంచి ఎండలోకి చూశాడు.

"అరె, సూర్యుడు చందమామ లెక్క అయిండు! చూడమ్మా, నువ్వు గూడ చూడు" అని ఆవకాయ ఆవిడకు అందించాడు. ఆమె చూసి, "గ్రహణం పట్టినట్టుందయ్యా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అద్దాలు తిరిగి చేతికి వచ్చేదాకా వాళ్ల చేతుల మీంచి చూపు తిప్పలేదు.

నాంపల్లి స్టేషను

స్టేషను మారలేదు. బయట టాంగాల వరస, గడ్డి వాసన, గుర్రాల మెడలో గజ్జెలు అన్నీ అలాగే ఉన్నాయి. మన ఊళ్లో బండివాడు మీద పడి మూట లాక్కుంటాడు. ఇక్కడ టాంగావాలా దూరం నుంచే చెయ్యెత్తి ఆదాబ్ అంటాడు, ఆ తర్వాతే రేటు రెండింతలు చెబుతాడు. నేను బస చేసే సరాయి దాకా నాలుగణాలన్నాడు. ఇక్కడి రూపాయి వేరు, హాలీ సిక్కా అంటారు. మన రూపాయికి దాని మీద రెండు అణాల పైచిలుకు ఎక్కువ. నేను మన నాణెం ఇచ్చి ఇక్కడి చిల్లర తీసుకుని, వేళ్ల మీద లెక్క కట్టి, తక్కువ ఇచ్చావని అతనితో జగడం పెట్టుకున్నాను. అతను ఓపికగా రెండుసార్లు లెక్క చెప్పాడు. తప్పు నాదే. లెక్కల్లో నేను ఎప్పుడూ గట్టివాణ్ని కాను.

సరాయిలో పెట్టె పడేసి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చున్నాను. పాలరాతి బల్లలు, గోడకు నిలువెత్తు అద్దాలు. చాయ్ చిక్కగా, మీగడ కట్టి ఉంటుంది. దానితో సగం ఉప్పగా సగం తియ్యగా ఉండే బిస్కట్టు ఇస్తారు. షేర్వాణీ వేసుకున్న పెద్దమనిషి పక్కన కూలివాడు కూర్చుని తాగుతున్నాడు. ఎవరూ ఎవరినీ లేవమనరు. మా బెజవాడ కాఫీ హోటల్లో లోపలి గదికి బ్రాహ్మణులకు ప్రత్యేకం అని బోర్డు ఉంటుంది. నేను రోజూ ఆ బోర్డు కింది నుంచే నడిచి లోపలికి వెళ్లి కూర్చుంటాను.

పదకొండేళ్ల కిందట యాకోబూ నేనూ ఇలాంటి హోటల్లోనే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకుని తాగేవాళ్లం. ఆబిడ్స్‌లో ఒక ఫొటో స్టూడియోలో ఇద్దరిదీ కొలువు. నేను కెమెరా ఆపరేటర్ని, అతను డార్క్‌రూము మనిషి. మెదక్ మిషను బడిలో చదువుకున్నాడు. నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను "అన్నా" అనేవాడు.

ఆబిడ్స్

రెండో రోజు పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లాను. సిమెంటు రోడ్డు కడిగిన పళ్లెంలా ఉంది. దుకాణాల పేర్లు ఉర్దూలో, ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు అక్షరం కనబడదు గాని, లోపలికి వెళితే తెలుగు వినబడుతుంది. మా పాత స్టూడియో ఉన్నచోట ఇప్పుడు బూట్లు అమ్ముతున్నారు. యజమాని పోయాడట. ఆ గుమ్మం ముందు నిలబడ్డప్పుడు నా కుడిచెప్పు పట్టీ తెగింది. అక్కణ్నుంచి కాలీడ్చుకుంటూనే తిరిగాను.

గన్‌ఫౌండ్రీ వైపు మలుపులో ఒక కెమెరా దుకాణం దొరికింది. నడిపే ఆయన పేరు హన్మంతరావు. పాతనగరంలో తరతరాలుగా వ్యాపారం చేసే కుటుంబం. బూడిద అద్దం అడగగానే గల్లాపెట్టె వెనక నుంచి ఒక డబ్బా తీశాడు. ఒక్కొక్క అద్దం ఒక్కొక్క కాగితం సంచీలో ఉంది. సంచీ మీద నల్ల సిరాతో తెలుగు అక్షరాలు.

"కంపెనీ రాసిన అంకెల మీద మాకు భరోస లేదు సాబ్. యుద్ధం సామాను, ఎట్ల పడితె అట్ల వస్తది. ఒగాయన ఉన్నడు, ఇంట్ల కూసొని మొంబత్తి ముందట ఒక్కొక్కటి పరీక్ష చేస్తడు. ఆయన చీటీ రాస్తెనే నేను అమ్ముత."

నేను ఒక సంచీ చేతిలోకి తీసుకున్నాను. ఇలా రాసి ఉంది: "ఇది నాలుగు రెట్లు. ఇట్లాంటివి రెండు పెడితే పదహారు. మూడు పెడితే అరవై నాలుగు. కూడవద్దు. గుణించండి."

ఇంకోటి తీశాను. అదే మాట. ఇంకోటి తీశాను. డబ్బాలో ముప్పై దాకా సంచీలున్నాయి. ప్రతి దాని మీదా అదే రాత. గుండ్రటి మిషను బడి అక్షరాలు. ఆ చేతిరాత నాకు తెలుసు.

"ఏమాయె సాబ్? కుర్చీ వెయ్యమంటరా?" అన్నాడు హన్మంతరావు.

"ఇది రాసినాయన..."

"యాకోబు. బజార్ల కచ్చా యాకోబు అంటరు. ఎన్నడో ఒక ప్లేటు కచ్చాగ కడిగిండట, నౌకరి పోయింది. ఆబిడ్స్ మొత్తంల మల్ల ఒక్కడు గూడ డార్క్‌రూమ్ల పెట్టుకోలే. కడుగుడు పని ఇయ్యరు గని అద్దం పరీక్షకు మాత్రం అందరికి ఆయనే కావాలె. గిదేం ఇన్సాఫో!" అని నవ్వాడు. "కడిగిండో లేదో నాకు తెల్వదు. మనిషి మాత్రం పక్కా. ఇల్లు నాంపల్లిలనే, చర్చి సందుల."

అద్దం కొనకుండానే బయటికి వచ్చాను.

పాండురంగం సేట్ ఇల్లు

నేరుగా యాకోబు ఇంటికి వెళ్లలేకపోయాను. మొజంజాహీ మార్కెట్లో దానిమ్మపళ్లు కొని, నాంపల్లి రోడ్డు మీద పాండురంగం సేట్ ఇంటి ముందుకు వచ్చాను. నేను పాడుచేసిన ఫొటో ఆయనదే.

సేట్ బట్టల వర్తకుడు. ఆ రోడ్డు మీద ఇల్లు కట్టిన మొదటివాళ్లలో ఒకడు. ముసలితనంలో జబ్బుపడి, మా స్టూడియోకు కబురు పంపాడు. తన వరండాలో కుర్చీలో కూర్చుంటానని, ముందున్న రోడ్డుతో సహా ఫొటో తీయాలని కోరాడు. అయితే రోడ్డు మీద ఒక్క మనిషీ, ఒక్క టాంగా పడకూడదు. "నేను పునాది తీసిననాడు ఈ తొవ్వల కుక్క గూడ లేకుండె. గట్ల ఒక్కసారి చూడాలనుంది" అన్నాడు.

బూడిద అద్దంతోనే అయ్యే పని. అద్దం కొనడానికి యాకోబూ నేనూ కలిసి వెళ్లాం. బేరం కాకముందే యాకోబు అద్దాలను కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. తెల్లకాగితం మీద ఒక్కొక్కటే పెట్టి, కింద ఎరుపుగానీ ఆకుపచ్చగానీ తేలుతుందేమో చూశాడు. రంగు తేలితే ఆ అద్దం పనికిరాదు. తర్వాత కిటికీ ఊచ నీడను అద్దంలో పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. ఊచ వంగితే అద్దం వంగినట్టే. చివరికి ముదురు అద్దం ఒకటి ఏరి, "ఒక్కటే తీస్కో అన్నా. అరవై నాలుగు రెట్లు. నిమిషం మీద నాలుగు సెకండ్లు ఇయ్యి. పనైపోతది" అన్నాడు. నేను వినలేదు. నాలుగు రెట్ల లేత అద్దాలు మూడు తీసుకున్నాను. విడిగా మూడు రకాల పనులకు వస్తాయని, నా తెలివి యజమాని మెచ్చుకుంటాడని.

అద్దం లేకపోతే ఆ వెలుగుకు ఒక్క సెకను చాలు. మూడు అద్దాలకు నాలుగూ నాలుగూ నాలుగూ కూడి, పన్నెండు సెకన్లు ఇచ్చాను. ఇవ్వవలసింది అరవై నాలుగు. సేట్ ఊపిరి బిగబట్టి, చేతులు కుర్చీ మీద ఆనించి, రాతిబొమ్మలా కూర్చున్నాడు. ఇంకో నిమిషమైనా కూర్చునేవాడు.

సాయంత్రం యాకోబు తడి ప్లేటు పట్టుకుని బయటికి వచ్చాడు. "అన్నా, ఎంతసేపు ఇచ్చినవ్? ఎండ పడ్డ గోడ దట్టంగ వచ్చింది. అంటే మందు మంచిగనే పనిచేసింది. నీడల మాత్రం ఏం పడలే." వరండా నీడ ఉన్నచోట ప్లేటు ఉత్త గాజులా ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లు మసక చారలుగా పడ్డారు. కదలకుండా కూర్చున్న మనిషి ఒక్కడే పడలేదు. "నిమిషం పైనే ఇచ్చాను" అన్నాను.

మళ్లీ తీద్దాం అనుకుంటూ ఉండగానే నాలుగో రోజున సేట్ పోయాడు. యజమాని మమ్మల్నిద్దరినీ నిలబెట్టి అడిగాడు. "మందు పాతదై ఉంటుందండీ" అన్నాను. యాకోబు ప్లేటు చూపించి గోడ సంగతి చెప్పబోయాడు. యజమాని వినలేదు. ఒకే బల్ల దగ్గర చాయ్ తాగే ఊళ్లో కూడా ఎవరి మాట చెల్లుతుందో నాకు ముందే తెలుసు.

ఇప్పుడు ఆ ఇంటి వరండాలో ఒక దర్జీ కుట్టుమిషను పెట్టుకున్నాడు. మూలగా పాత కుర్చీ ఒకటి ఉంది. దాని చేతులకు వాడిన బంతిపూల దండ వేలాడుతోంది. కాలు లాగుతుంటే ఆ కుర్చీ వైపు నడిచాను. "ఏయ్ పెద్దమనిషీ, అండ్ల కూసోవద్దు!" అని దర్జీ అరిచాడు. "అది సేట్‌ది. ఆయన ఫొటో ఒక్కటి గూడ లేదంట. అందుకె ఏడాదికోసారి కుర్చీకే దండేస్తరు, కుర్చీకే దండం పెడ్తరు. గీ స్టూలు మీద కూసో, చెప్పుకు నాలుగు కుట్లేసిస్త."

చెప్పు కుట్టాడు. డబ్బులు వద్దన్నాడు.

చర్చి సందు

మూడో రోజు పదిగంటల వేళ యాకోబు ఇంటికి వెళ్లాను. రెండు గదుల పెంకుటిల్లు. గుమ్మంలో మార్తమ్మ బియ్యం ఏరుతోంది. యాకోబు భార్య. మిషను దవాఖానలో ఆయాగా చేస్తుంది. ఆ రోజు సెలవు. నన్ను తేరిపార చూసి, చేట పక్కన పెట్టింది.

"పదకొండేండ్లకు తొవ్వ దొరికిందా? నీ పత్రిక మా చర్చి రీడింగు రూముకు వస్తది. చదివిన. మా ఆయన పేరు మంచిగ అచ్చు కొట్టిచ్చినవ్."

"మార్తా" అని లోపలి నుంచి పిలుపు వచ్చింది. "ఇంటికొచ్చినోళ్లతోని గట్ల మాట్లాడ్తరా? రండి సాబ్, కూసోండి."

సాబ్. రండి. కూసోండి. అతని జుట్టు సగం నెరిసింది. ముందు బల్ల మీద కొవ్వొత్తి, తెల్లకాగితం, అద్దాల వరస. నేను దానిమ్మపళ్లు కింద పెట్టాను. మార్తమ్మ వాటిని తీసుకుపోయి, గింజలు ఒలిచి, పళ్లెంలో పోసి నా ముందే పెట్టింది. తనకోసం ఒక్క గింజ ఉంచుకోలేదు.

"అద్దం కొననీకి వచ్చిండ్రట. హన్మంతరావు చెప్పిండు" అన్నాడు యాకోబు. "దేనికి? నీళ్లకా, జనానికా?"

"నీళ్లకు. కృష్ణ ఒడ్డున."

అతను ముదురు అద్దాలు మూడు తీశాడు. కాగితం మీద పెట్టి చూశాడు. కిటికీ ఊచను పట్టి చూశాడు. ఒకదాన్ని తోసేశాడు, పచ్చ తేలుతోందని. ఇంకోదాన్ని తోసేశాడు, అంచు వంగిందని. మిగిలినదాన్ని ధోవతి అంచుతో తుడిచాడు. "ఒక్కటే తీస్కోండి. రెండు మూడు పెట్టుకుంటె లెక్క తప్పుతది" అన్నాడు. అని, నా మొహం చూడకుండా కొవ్వొత్తి వత్తి సరిచేశాడు.

నేను పెట్టెలోంచి తెచ్చిన మూడు అద్దాలు బల్ల మీద పెట్టాను.

"యాకోబూ, తప్పు నాది. నాలుగూ నాలుగూ నాలుగూ కూడాను. పన్నెండు సెకన్లే ఇచ్చాను. నువ్వు మందు చెడగొట్టలేదు."

"ఔ, తెలుసు" అన్నాడు. "ప్లేటు చూసిననాడే తెలుసు." నా అద్దాల్లో ఒకటి తీసి కాగితం మీద పెట్టాడు. తర్వాత అడిగాడు. "మీకెన్నడు తెల్సింది సాబ్?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. మళ్లీ చేట అందుకున్న మార్తమ్మ బియ్యం ఏరడం ఆపింది.

"బెజవాడ వెళ్లాక" అన్నాను. "రెండు మూడేళ్లకు, ఏదో పుస్తకం చూస్తుంటే."

"అంటే మన యజమాని ముందట అన్ననాడు మీకు తెల్వదు."

"తెలియదు. తెలియకే అన్నాను."

యాకోబు మొహం సడలింది. "గది మంచిదాయె. నేను ఇన్నేండ్లు వేరే తీరుగ అనుకున్న. తెల్సి తెల్సి నన్ను ముంచిండు అనుకున్న. మార్తా, విన్నవా? తెల్వక అన్నడంట. తప్పు ఎవడు చెయ్యడు? జర చాయ్ పెట్టు." నా భుజం మీద చెయ్యి వేశాడు. "తిను అన్నా. గింజలు అట్లనే ఉన్నయి."

తిన్నాను. చాయ్ తాగాను. ఒక చాయ్‌నే రెండు కప్పుల్లో పోశాడు. వచ్చేటప్పుడు అద్దాన్ని కాగితం సంచీలో పెట్టి, చీటీ రాసి ఇచ్చాడు. ఎంత చెప్పినా వెల తీసుకోలేదు. మార్తమ్మ గుమ్మం దాకా వచ్చింది గాని, ఆమె నా కళ్లలోకి చూసిన తీరు యాకోబు చూసినట్టు లేదు.

తిరుగు బండి

నాలుగో రోజు బండిలో సంచీ తీసి చదివాను. "ఇది ఒక్కటే అరవై నాలుగు. అన్నకు." కూడవద్దు, గుణించండి అన్న మాట నా సంచీ మీద రాయలేదు. నాకు ఇక చెప్పనక్కరలేదనుకున్నాడు కాబోలు.

కృష్ణ ఒడ్డున ఆ అద్దం ఇంకా వాడలేదు. ఇల్లు చేరినప్పటి నుంచి ఈ నాలుగు మాటలూ ఎలా రాయాలా అని చూస్తున్నాను. ఏదో పుస్తకం చూశానన్న మాటను అలాగే ఉంచి రాయవచ్చు. యాకోబు సంతోషంగానే ఉంటాడు. పదకొండేళ్ల తర్వాత దొరికిన అన్నా అనే పిలుపు నాకు మిగులుతుంది. కాని ఆ పిలుపు నేను ఇంకో అబద్ధం చెప్పి తెచ్చుకున్నది.

ఈ పత్రిక నాంపల్లి చర్చి రీడింగు రూముకు వెళుతుంది. మార్తమ్మ చదువుతుంది. చదివి వినిపిస్తుంది. కనుక రాస్తున్నాను. యాకోబూ, నేను ఏ పుస్తకమూ చూడలేదు. ఆ సాయంత్రం నువ్వు "ఎంతసేపు ఇచ్చినవ్?" అని అడిగి లోపలికి వెళ్లగానే, గోడకు ఆనుకుని పెన్సిలు తీసి, రసీదు కాగితం వెనక నాలుగును నాలుగుతో, దాన్ని మళ్లీ నాలుగుతో గుణించాను. అరవై నాలుగు వచ్చింది. కాగితం చింపి మోరీ కాలవలో వేశాను. సేట్ అప్పటికి బతికే ఉన్నాడు. యజమాని మనల్ని నిలబెట్టడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నువ్వు అనుకున్నదే నిజం. నీ చేతిలో ప్లేటు తడి ఆరకముందే నాకు తెలుసు.